కవానా ఫుజి కోర్సు: ఏళ్ల తరబడి ఆడాక

జపాన్‌లో ఇజు ద్వీపకల్పపు తూర్పు తీరాన, ఇతో పట్టణంలో ఉన్న కవానా ఫుజి గోల్ఫ్ కోర్సులో, ఉద్యోగరీత్యా టోక్యో చేరినప్పటి నుంచి వీలు దొరికినప్పుడల్లా ఆడుతున్నాను. చూసి వచ్చినవారంతా ఇక్కడి సముద్రాన్నే పొగుడుతారు గానీ, నా మటుకు నాకు స్కోరును తేల్చేది గ్రీన్ల (రంధ్రం చుట్టూ పొట్టిగా కత్తిరించిన గడ్డి నేలల) మీది కొరాయ్ అనే గడ్డే.

కేంబ్రిడ్జ్‌లో చదువుకుని ఇంగ్లండ్ అలవాట్ల మీద మోజు పెంచుకున్న బ్యారన్ ఒకురా కిషిచిరో ఈ స్థలాన్ని తీర్చిదిద్దించాడు. ఇక్కడే ఒతాని కోమ్యో రూపొందించిన మరో కోర్సు, ఒషిమా, 1928లోనే సిద్ధమైంది. టోక్యో గోల్ఫ్ క్లబ్ పని మీద 1930 చివర్లో జపాన్ వచ్చిన ఆంగ్ల రూపశిల్పి చార్లెస్ హ్యూ ఆలిసన్ చేతి ముద్ర ఉన్న ఫుజి కోర్సు మాత్రం 1936లో, ఇక్కడి కవానా హోటల్‌తో పాటే తెరుచుకుంది. నిలువు గోడలతో లోతుగా తవ్వించిన ఆయన బంకర్లను (ఇసుక గుంటలను) జపాన్ ఆటగాళ్లు నేటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. బంతి వాటిలో పడితే రంధ్రం దగ్గరి జెండా వైపు చూడడం మానేసి, ముందు బయటపడే దారి వెతుక్కోవడం మేలు.

కోర్సు పొడవు భయపెట్టేది కాదు. ఎగుడుదిగుళ్లే కాళ్లను పరీక్షిస్తాయి. 15వ హోల్ సుమారు 470 గజాల పార్ 5, అంటే అయిదు దెబ్బల్లో ముగించాల్సినది. ఎడమ పక్క పొడవునా కొండచరియ, దాని దిగువన సముద్రం. అలాగని మరీ కుడికి కొడితే దూరం పెరిగిపోతుంది. ఆ వెంటనే వచ్చే 16వ హోల్‌లో, ఎగువన బంకర్ల నడుమ కూర్చున్న గ్రీన్‌కు, దూరాన్ని బట్టి తోచినదానికన్నా ఒక క్లబ్ (బంతిని కొట్టే కర్ర) పెద్దదే తీయాలి.

ఇక కొరాయ్. బిరుసైన ఈ గడ్డి ఎటు వాలి ఉంటే బంతి అటే మొగ్గుతుంది. పుట్ (గ్రీన్ మీద బంతిని రంధ్రం వైపు దొర్లించే దెబ్బ) కొట్టే ముందు గ్రీన్ మెరుస్తూ కనిపిస్తే గడ్డి అవతలికి వాలినట్టు, ముదురుగా కనిపిస్తే మనవైపు వాలినట్టు. దిగువకు కొట్టిన పుట్ కూడా ఎదురు గడ్డిలో సగంలోనే ఆగిపోవడం ఇక్కడ మామూలే. కాబట్టి కేడీ (ఆటగాడి వెంట నడిచే సహాయకుడు) చెప్పిన గీత, అంటే బంతి వెళ్లాల్సిన దారి, మన కంటికి ఎంత తప్పుగా తోచినా, దాన్నే నమ్మాలి.

1962లో అమెచ్యూర్ జట్ల ప్రపంచ పోటీ ఐసెన్‌హోవర్ ట్రోఫీ ఇక్కడే జరిగింది. 1981 నుంచి 2004 వరకు జపాన్ ప్రొఫెషనల్ టోర్నమెంటు ఫుజిసాంకెయ్ క్లాసిక్‌కూ ఇదే వేదిక. ఫుజి కోర్సులో ఆడాలంటే సాధారణంగా హోటల్‌లో బస చేయాల్సిందే, ఖర్చూ తక్కువేమీ కాదు. కొత్తగా ఆట నేర్చుకున్నవారు మొదటి రోజు పొడవు తక్కువైన ఒషిమాలో ఆడి, మర్నాడు దీనికి రావడం నయం.