బీర్‌లో గాలివానల వారం: టెంటు వాళ్ళు ఉంచేసుకున్నారు, పైలట్ తిరిగిచ్చాడు

ఏప్రిల్‌లో హిమాచల్‌లోని బీర్ వెళ్దామనుకునేవాళ్ళు టెంట్లలో మాత్రం దిగకండి. ఎంత అందమైన ఫొటోలు పెట్టినా సరే, ఎంత తగ్గిస్తామన్నా సరే, డబ్బంతా ముందే కట్టకండి. మేం మూడు రాత్రులకి రెండు టెంట్లు మాట్లాడుకున్నాం. మొత్తం ఒకేసారి కడితే 10 శాతం తగ్గిస్తామంటే 9,720 రూపాయలు యూపీఐలో పంపించాం. అందులో ఒక్క రాత్రి కూడా పూర్తిగా పడుకోలేదు. మిగిలిన రెండు రాత్రుల 6,480 ఈ రోజుకీ రాలేదు. ఇదంతా రాయడానికి సగం కారణం అదే. మిగతా సగం, అదే ఊళ్ళో మేం అడక్కుండానే మా డబ్బు వెనక్కి ఇచ్చేసిన ఒక పారాగ్లైడింగ్ పైలట్.

బీర్ హిమాచల్ ప్రదేశ్‌లో, కాంగ్రా జిల్లాలో, ధౌలాధర్ కొండల కింద ఉంది. ఊరు చిన్నదే. ఒక బజారు, ఒక టిబెటన్ కాలనీ, చుట్టూ గోధుమ పొలాలు, అక్కడక్కడా తేయాకు తోటలు. ఊరి నుంచి 14 కిలోమీటర్లు ఘాట్ రోడ్డు ఎక్కితే బిల్లింగ్ వస్తుంది. అది దాదాపు 2,400 మీటర్ల ఎత్తులో ఉంటుంది. అక్కడి నుంచి పారాగ్లైడర్లు ఎగిరి కింద బీర్ పొలాల దగ్గర దిగుతాయి. 2015లో పారాగ్లైడింగ్ ప్రపంచకప్ పోటీ ఇక్కడే జరిగింది. మావాడికి ఇంటర్ ఫస్టియర్ పరీక్షలు అయిపోగానే ఎగరాలని పట్టు. మా అత్తయ్యకి పక్కనే ఉన్న బైజ్‌నాథ్ శివాలయం చూడాలని కోరిక. మా ఆయనకి ఫోన్ మోగని చోట నాలుగు రోజులు పడుకోవాలని. ముగ్గురి కోరికలూ ఒకే చోట తీరతాయని బీర్ ఎంచుకున్నాం. ఢిల్లీ నుంచి రాత్రి బస్సు, మనిషికి 1,350. పన్నెండు గంటల ప్రయాణం. చెప్పుకోవడానికేమీ లేదు, బాగానే జరిగింది.

దిగిన రోజు మధ్యాహ్నం ఎండ చుర్రుమంటోంది. స్వెట్టర్లు బ్యాగులోనే ఉన్నాయి. ధౌలాధర్ మీద మంచు తెల్లగా కనిపిస్తోంది, ఆకాశంలో రంగురంగుల గ్లైడర్లు. మా ఆయన టెంటు ముందు కుర్చీ వేసుకుని "ఇదీ జీవితం" అన్నారు. నాలుగు గంటలకి ఉత్తరం వైపు కొండల మీద మబ్బు లేచింది. ఐదింటికి గ్లైడర్లన్నీ గబగబా దిగిపోయాయి. టెంట్ల కుర్రాణ్ణి అడిగితే "రోజూ ఇంతే మేడమ్, అరగంటలో పోతుంది" అన్నాడు. పోలేదు. రాత్రి తొమ్మిదిన్నరకి గాలి మొదలైంది.

ఆ టెంటు ఎలా కట్టారో చెబుతాను, ఎందుకంటే మీరు ఎక్కడ దిగినా ముందు చూడాల్సింది అదే. మేకులు మెత్తటి పొలం మట్టిలో జానెడు కూడా దిగలేదు. రెండు తాళ్ళని మేకులకి కాకుండా నీళ్ళు నింపిన ప్లాస్టిక్ డ్రమ్ములకి కట్టారు. ఒక డ్రమ్ములో నీళ్ళు సగమే ఉన్నాయి. పైన వేసిన వాన గుడ్డకి ఒక మూల కొక్కెం లేదు. గాలి విసిరినప్పుడల్లా ఆ మూల లేచి టెంటు మీద టపటపా కొట్టుకునేది. పది దాటాక వడగళ్ళు పడ్డాయి. ఆ సగం డ్రమ్ము దొర్లిపోయింది. దాంతో అత్తయ్య, మావాడు పడుకున్న టెంటు ఒక పక్కకి ఒరిగిపోయి, లోపలి పరుపు నీళ్ళలో తడిసింది. జిప్పు పట్టేస్తే మావాడు దాన్ని చింపుకుని నానమ్మని బయటికి తీసుకొచ్చాడు. మేనేజర్‌కి ఫోన్ చేస్తే స్విచ్ ఆఫ్. కుర్రాడు పాపం ఒక్కడే, వాడికి పట్టుమని ఇరవై ఏళ్ళు లేవు. వంట చేసే రేకుల షెడ్డులోకి మమ్మల్నందర్నీ చేర్చి, గ్యాస్ పొయ్యి వెలిగించి టీ పెట్టి ఇచ్చాడు. పక్క టెంట్లలోని చండీగఢ్ పిల్లలు కూడా అక్కడికే వచ్చారు. అరవై ఆరేళ్ళ అత్తయ్య తెల్లవార్లూ బియ్యం బస్తా మీద కూర్చుని గడిపారు. ఒక్క మాట అనలేదు. ఆవిడ అనకపోవడమే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

పొద్దున ఎనిమిదింటికి మేనేజర్ వచ్చాడు. వచ్చి తడిసిన పరుపు వైపు చూశాడే గానీ అత్తయ్య వైపు చూడలేదు. మిగతా రెండు రాత్రుల డబ్బు ఇచ్చేయమన్నాం. "వెదర్ మా చేతుల్లో ఉందా సార్? బుకింగ్ నాన్ రిఫండబుల్" అన్నాడు. వెదర్ ఎవరి చేతుల్లోనూ లేదు, నిజమే. మేకులు లోతుగా కొట్టడం, డ్రమ్ముల్లో నిండా నీళ్ళు పొయ్యడం, ఫోన్ ఆన్‌లో పెట్టుకోవడం మాత్రం అతని చేతుల్లోనే ఉన్నాయి. మా ఆయన ఇదే మాట గట్టిగా అడిగారు. "కావాలంటే ఇంకో టెంటు ఇస్తాను" అన్నాడు. అదే పొలంలో, అవే మేకులతో! గంటన్నర వాదించి సామాను ఎత్తుకుని బయటపడ్డాం. మా ఆయన ఆ కోపంలో రెండు రోజులు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు.

టిబెటన్ కాలనీలో గెస్ట్‌హౌస్ దొరకడం మా అదృష్టం. పక్కా స్లాబు, గది 1,400, వేడి నీళ్ళు, కరెంటు పోతే ఇన్వర్టర్. అడ్వాన్సు అడగలేదు. "ఉండండి, వెళ్ళేప్పుడు లెక్క చూసుకుందాం" అంది యజమానురాలు. అందరూ ఆవిణ్ణి అమాలా అని పిలుస్తారు, టిబెటన్‌లో అమ్మ అన్నమాట. రోజూ మధ్యాహ్నం ఆవిడ మేడ మీదికి వెళ్ళి కొండల వైపు ఒకసారి చూసి వచ్చేది. కొండ కొమ్ము కనిపించకపోతే వెంటనే ఆరేసిన దుప్పట్లన్నీ లాగేసేది, మెట్ల దగ్గరి కిటికీలకి గడియలు పెట్టేది, మా తలుపు తట్టి "ఈరోజు దూరం పోకండి" అని చెప్పేది. ఒక్క రోజు కూడా ఆవిడ లెక్క తప్పలేదు. ఫోన్‌లో వాతావరణం చూపించే యాప్ మాత్రం సగం రోజులు తప్పింది.

ఆ వారమంతా వాతావరణం పూటకో రకంగా ఉంది. ఒక పొద్దున చొక్కా చాలు, మధ్యాహ్నానికి గాలి దుమ్ము లేపుకుంటూ వస్తుంది, సాయంత్రానికి స్వెట్టర్ మీద విండ్‌చీటర్. ఒక రోజంతా ముసురు. మర్నాడు లేచి చూస్తే కొండల మీద మంచు ముందు రోజు కన్నా చాలా కిందికి దిగి ఉంది. వడగళ్ళకి పక్క పొలంలో గోధుమ పైరు ఒక వైపంతా నేలకి ఒరిగిపోయింది. కోతకి ఇంకెన్నో రోజులు లేవు. ఆ రైతు గట్టు మీద నిలబడి చూస్తుంటే మా ఆయన తన 6,480 గురించి మాట్లాడటం కాసేపు మానేశారు.

ఇక పైలట్ సంగతి. మావాడికి, నాకు పైలట్‌తో కలిసి ఎగిరే టాండెమ్ ఫ్లైట్లు రెండు మాట్లాడుకున్నాం. మనిషికి 3,000, జీపు కలిపి. వీడియో కావాలంటే ఇంకో 500. అతను టూరిజం శాఖ దగ్గర రిజిస్టర్ అయిన కార్డు అడక్కుండానే చూపించాడు. పదిన్నరకి బిల్లింగ్ చేరాం. అప్పటికే అక్కడ ముప్పై నలభై మంది ఉన్నారు. కొందరు ఎగురుతున్నారు కూడా. మా పైలట్ రెక్క పరిచాడు, తాళ్ళన్నీ ఒక్కొక్కటీ వేళ్ళతో తడిమి చూశాడు, తర్వాత వచ్చి మా పక్కనే గడ్డిలో కూర్చున్నాడు. గాలి ఎటు వీస్తోందో చూపించడానికి కర్రకి కట్టిన గుడ్డ సంచి, విండ్‌సాక్, ఒక నిమిషం నీరసంగా వేలాడుతోంది, మరు నిమిషం బిర్రబిగుసుకుని పక్కకి తిరుగుతోంది. "గాలి కాస్త ఎక్కువున్నా పరవాలేదు, ఇలా దిక్కు మారుతుంటే కుదరదు" అన్నాడు.

మేం ఎదురుచూస్తున్నంతసేపూ మావాడికి పాఠం చెప్పినట్టు అంతా చెప్పాడు. ఎండకి కొండ వాలు వేడెక్కి గాలి పైకి లేస్తుంది, దాన్నే థర్మల్ అంటారు, గ్లైడర్ ఎత్తు పెరిగేది దాని మీదే. వసంతంలో కింద నేల వేడెక్కుతుంది గానీ పైన గాలి ఇంకా చల్లగానే ఉంటుంది, అందుకని థర్మల్స్ బలంగా ఉంటాయి. అదే సమయానికి మధ్యధరా సముద్రం వైపు నుంచి ఇరాన్, అఫ్గానిస్తాన్ మీదుగా వెస్టర్న్ డిస్టర్బెన్స్‌లనే వాన మబ్బుల వ్యవస్థలు వస్తుంటాయి. తేమ అవి తెస్తాయి, ఆ తేమని పైకి ఎత్తేది ఈ వేడి. రెండూ కలిసిన రోజు పొద్దున ఎంత తేటగా ఉన్నా మధ్యాహ్నానికి ఉరుములు, వడగళ్ళు. "పెద్ద మబ్బు కింద చిక్కుకుంటే అది పైకి లాగేసుకుంటుంది. అప్పుడు నా లైసెన్సు, అనుభవం ఏవీ పనిచెయ్యవు" అన్నాడు. మావాడి మొహంలో హుషారు తగ్గింది గానీ, ఎగరకపోతే ఎలా అన్న అసహనం మాత్రం తగ్గలేదు. పక్కన వేరే వాళ్ళు ఎగురుతుంటే ఊరుకోవడం వాడి వయసుకి కష్టమే.

రెండున్నర గంటలు కూర్చున్నాం. ఒంటిగంటకి అతను లేచి రెక్క మడిచేశాడు. "ఈరోజు వద్దు" అన్నాడు. అంతే. కింద జీపు దిగగానే 6,000 తిరిగి పంపించేశాడు. జీపు ఖర్చన్నా ఉంచుకోమంటే తనే భరిస్తానన్నాడు. మా ఆయన బలవంతంగా 600 చేతిలో పెట్టారు. మూడింటికి మొదలైన గాలివాన ఆరింటి దాకా కొట్టింది. ఆ మూడు గంటలూ మావాడు కిటికీ దగ్గరే నిలబడ్డాడు.

ముసురు విడిచిన మర్నాడు పొద్దున ఏడున్నరకి అతనే ఫోన్ చేశాడు, వెంటనే రమ్మని. తొమ్మిదిన్నరకల్లా గాల్లో ఉన్నాం. నాకు పదిహేను నిమిషాలు, మావాడికి ఇరవై దాకా. నాలుగడుగులు పరుగెత్తేసరికి నేల కింద లేదు. దేవదారు చెట్ల కొసలు నా కాళ్ళ కింద నుంచి వెళ్ళాయి. తోటల మధ్య బీర్ ఇళ్ళ రేకులు మెరుస్తున్నాయి. టెన్షన్ అంతా ఎక్కేముందే, ఎక్కాక లేదు. పైలట్ మీద అప్పటికే గురి కుదిరింది కాబట్టి అనుకుంటాను. ఎగరాలనుకునేవాళ్ళు రెండు రోజులు అదనంగా పెట్టుకోండి, పొద్దున పూటే అడగండి. వానాకాలంలో, జూలై 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా, ఫ్లైట్లు ఆపేస్తారు, అప్పుడు వెళ్ళి లాభం లేదు. "మబ్బు ఏం చెయ్యదు, పదండి" అని తొందరపెట్టేవాడికి 500 తగ్గించినా వెళ్ళకండి.

బైజ్‌నాథ్ గుడికి టాక్సీ రానూపోనూ 900, వెయిటింగ్‌తో సహా. 1204లో ఆహుక, మన్యుక అనే ఇద్దరు వర్తకులు కట్టించిన రాతి గుడి, శిఖరం ఉత్తరాది గుళ్ళ నాగర శైలిలో ఉంటుంది. రావణుడు తెచ్చిన లింగమని ఇక్కడి నమ్మకం. శివభక్తుడని ఈ ఊళ్ళో దసరాకి రావణుణ్ణి తగలబెట్టరట. ఆ రోజు గాలికి గుడి గంటలు వాటంతటవే కదిలాయి. రద్దీ లేదు, ఎవరూ తొయ్యలేదు, టికెట్టు లేదు. అత్తయ్య గర్భగుడి ముందు ఎంతసేపు నిలబడ్డారో నేను అడగలేదు. తిరిగి వస్తూ, టెంటు రాత్రి తర్వాత మొదటిసారి, కారులో పాత పాటలు పాడుకున్నారు. షెరాబ్లింగ్ అనే టిబెటన్ బౌద్ధ మఠం పైన్ అడవిలో ఉంది, చూసి తీరాల్సిందే. బరోట్ లోయకి కూడా వెళ్దామనుకున్నాం గానీ వానకి మానుకున్నాం.

తిండి విషయంలో ఒక్కటి చెప్పాలి. బజారులో ఒకావిడ చిన్న కొట్టులో సిడ్డు చేస్తుంది. గోధుమ పిండిని పులియబెట్టి, లోపల అక్రోటు, గసగసాల ముద్ద పెట్టి ఆవిరి మీద ఉడికిస్తారు. మన కుడుముకి దగ్గర చుట్టం అనుకోండి. మధ్యలోకి కోసి, కరిగిన నెయ్యి ధారగా పోసి, పక్కన పుదీనా పచ్చడి పెట్టి ఇస్తుంది. ప్లేటు 100. బయట చలిగాలి, చేతిలో ఆ వేడి సిడ్డు. మాటల్లేని మా ఆయన రెండో ప్లేటు అడిగింది అక్కడే, మళ్ళీ మామూలు మనిషి అయింది కూడా అక్కడే. అత్తయ్య నాకు రాని హిందీలో ఆవిడతో అరగంట మాట్లాడి పిండి ఎంతసేపు పులియాలో కనుక్కున్నారు. టిబెటన్ కాలనీలో వెజ్ థుక్పా, అంటే నూడుల్స్ సూప్, 140, అదీ బాగుంది. బజారు మొదట్లో ఉండే ఫ్యాషన్ కేఫ్‌లలో మాత్రం కాఫీ 220 పెట్టి తాగాల్సిన పని లేదు.

గాలివాన రోజుల్లో కరెంటు, నెట్‌వర్క్ రెండూ పోతాయి. నోట్లు రెండు మూడు వేలు దగ్గర ఉంచుకోండి. పవర్ బ్యాంకు మర్చిపోకండి. గది తీసుకునేముందు పైకప్పు చూడండి, రేకులైతే రాత్రి నిద్ర ఉండదు. ఎక్కడ దిగినా మొదటి రాత్రికే డబ్బివ్వండి, నచ్చితే మర్నాడు పొడిగించుకోవచ్చు. అక్టోబరు, నవంబరుల్లో వాతావరణం నిలకడగా ఉంటుందని మా పైలట్ చెప్పాడు. మావాడు అప్పుడే అమాలా దగ్గర గది అడిగి పెట్టాడు. ఆవిడ దానికీ అడ్వాన్సు తీసుకోలేదు.