సైకిల్ చైనుకు మైనం: రెండున్నరేళ్ళు వాడాక

మా ఫ్లాట్‌లో సైకిల్ ఉండేది హాల్లో, సోఫా పక్కన. కింద పార్కింగ్‌లో పెడితే పిల్లలు గేర్లు తిప్పేస్తారు. నేను చైనుకు నూనె మానేసి మైనం వైపు మళ్ళింది వేగం కోసం కాదు, ఆ హాలు గోడ కోసం. నూనె చైను రాసుకుని పడిన నల్ల గీత సబ్బుకు పోలేదు, పైన రంగు వేస్తే అందులోంచీ తొంగి చూసింది. ఇక ఈ సైకిల్ అయినా ఉండాలి, నేనైనా ఉండాలి అన్నంత దాకా వచ్చింది ఇంట్లో.

నాది తొమ్మిది గేర్ల హైబ్రిడ్, అంటే రోడ్డు సైకిల్‌కూ మౌంటెన్ సైకిల్‌కూ మధ్య రకం. మామూలు రోజుల్లో నార్సింగి దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సైకిల్ ట్రాక్ మీద తొక్కుతాను. 2023 అక్టోబరులో తెరిచారే, 23 కిలోమీటర్లు, పైన సోలార్ పలకల కప్పు, అదే. ఆదివారాలు గండిపేట మీదుగా చేవెళ్ళ వైపు వెళ్తాను. రెండు చోట్లా దుమ్ముకు కొదవ లేదు. తడి నూనెకు ఈ దుమ్ము అంటుకుంటే చైను లోపల సానపెట్టే ముద్ద తయారవుతుంది. చైను సాగింది అంటుంటాం గానీ నిజానికి అక్కడ ఉక్కేమీ సాగదు. పిన్నులూ, అవి తిరిగే చోటూ అరిగి లింకుకూ లింకుకూ మధ్య దూరం పెరుగుతుంది. మైనం ఆరిపోయి గట్టిగా ఉంటుంది కాబట్టి దుమ్ము దానికి పట్టదు, పట్టినా రాలిపోతుంది. కిటుకంతా ఇంతే.

మొదటిసారి నేను బాగా చెడగొట్టాను. కిరాణా కొట్టు కొవ్వొత్తులు కరిగించి, కొత్త చైనును టర్పెంటైన్‌లో ఒకసారి ముంచి తీసి, అందులో వేశాను. చూడ్డానికి తెల్లగా, ముద్దుగా ఉంది. అరవై కిలోమీటర్లకు ఎండిన సున్నంలా పెచ్చులు రాలి, చైను కీచుమనడం మొదలుపెట్టింది. తప్పు కొవ్వొత్తులది కాదు. కొత్త చైనుకు ఫ్యాక్టరీలో పూసే గ్రీజు పిన్నుల లోపల అలాగే ఉండిపోయింది. గ్రీజు మీద మైనం నిలవదు.

కాబట్టి అసలు పని కడగడమే. పెయింట్ షాపులో దొరికే టర్పెంటైన్‌ను ఖాళీ ఆవకాయ సీసాలో పోసి, చైను వేసి, మూత బిగించి గిలకొట్టాలి. నల్లగా అయితే పారబోయకుండా పక్కన పెట్టి కొత్తది పోయాలి. నాకు నాలుగు సార్లకు తేరుకుంది. తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో రెండు సార్లు కడగాలి, టర్పెంటైన్ జిడ్డు పోవడానికి. ఇది బాల్కనీలో చేయండి, చుట్టుపక్కల మంట ఉండకూడదు. ఒక సాయంత్రం మొత్తం పోతుంది, చేతులు వాసన కొడతాయి, విసుగొస్తుంది. కానీ చైను జీవితంలో ఒక్కసారే.

మైనం బేగంబజార్‌లో కొన్నాను, కొవ్వొత్తులు చేసేవాళ్ళు వాడే తెల్లటి పారఫిన్, 58-60 రకం. అంటే ఆ డిగ్రీల దగ్గర కరుగుతుంది. రంగుదీ, సువాసనదీ వద్దు. తేనెమైనం కలిపి చూశాను, జిగటగా మారి దుమ్మును పిలిచి కూర్చోబెట్టింది. మానేశాను.

కరిగించడం మాత్రం నేరుగా పొయ్యి మీద కాదు. కుక్కర్లో పప్పు గిన్నె పెట్టినట్టు, నీళ్ళున్న పెద్ద గిన్నెలో మైనం గిన్నె పెట్టాలి. అప్పుడు మైనం మరిగే నీటి వేడిని దాటదు, అంటుకునే భయం ఉండదు. నేను పాత స్టీలు తపేలా ఒకటి దీనికే కేటాయించి ఇండక్షన్ మీద పెడతాను. మొదటిసారి మా అమ్మ చూసి, "ఏందిరా, గొలుసు ఉడకబెడుతున్నవా? ఉప్పేసినవా?" అంది. ఇప్పటికీ వచ్చిన చుట్టాలందరికీ చెబుతుంది.

చైను వేయగానే బుడగలు వస్తాయి, లోపలి గాలి బయటికి పోతోందన్నమాట. అవి ఆగేదాకా, ఓ పది నిమిషాలు, తీగతో కదుపుతూ ఉండాలి. వెంటనే తీస్తే పల్చటి మైనమంతా కారిపోతుంది. స్టవ్ ఆపి, పైన పాలమీగడలా పొర కట్టే వేళకు తీసి కొక్కేనికి వేలాడదీస్తాను. ఆరాక కర్రలా బిగుసుకుపోతుంది. ఒక్కో లింకూ వంచి విడదీయాలి. బిగించాక మొదటి పది కిలోమీటర్లు గేర్లు మొరాయిస్తాయి, తెల్లటి పొట్టు రాలుతుంది. కింద పేపరు వేసుకోండి.

నాకు ఒకసారి ముంచితే 250 నుంచి 300 కిలోమీటర్లు వస్తుంది. పొడిగా చప్పుడు మొదలైతే సమయమైనట్టే. మళ్ళీ చేసేటప్పుడు టర్పెంటైన్ అక్కర్లేదు, మరిగే నీళ్ళు పోస్తే పాత మైనం ఊడివస్తుంది. ఆ నీళ్ళు సింకులో పోయకండి. పైపులో గడ్డకట్టుకుంటుంది. ప్లంబర్‌కు ఇచ్చిన ఐదు వందలు నా అనుభవం.

ఇప్పుడు లెక్క. కొత్త చైనులో ఒక పిన్ను మీద సున్నా ఉండేలా స్కేలు పెడితే పన్నెండో అంగుళం గీత మీద సరిగ్గా ఇంకో పిన్ను ఉంటుంది, అంగుళంలో పదహారో వంతు దాటితే మార్చాలి. నూనె రోజుల్లో నా చైను 2,600 కిలోమీటర్లకే దాటింది. ఇప్పుడు రెండు చైన్లు మార్చి మార్చి వాడుతున్నాను, ఒక్కోటి 3,200 దాటింది, రెండూ ఆ పదహారో వంతులో సగం కూడా అరగలేదు. అయితే నూనె వేసే రోజుల్లో చైను తుడవడానికి నేను పరమ బద్ధకస్తుణ్ణి. అరుగుదల తగ్గడంలో మైనం వాటా ఎంత, శుభ్రం వాటా ఎంత అంటే, శుభ్రానిదే ఎక్కువేమో అని నా అనుమానం. వేగం పెరుగుతుందన్న మాట మాత్రం నా ఇరవై రెండు కిలోమీటర్ల స్పీడులో నాకు తెలియలేదు. తెలిసేదల్లా చేత్తో చైను పట్టుకుంటే వేళ్ళు నల్లబడకపోవడం. అది చిన్న సుఖం కాదు.

పెద్ద లోపం వాన. కిందటి జూలైలో శంకర్‌పల్లి దగ్గర తడిసి, ఇంటికొచ్చి అలసిపోయి పడుకున్నాను. తెల్లారేసరికి చైను పలకల మీద నారింజ రంగు తుప్పు. తడిస్తే అదే రోజు తుడిచి, ఆరబెట్టి, మళ్ళీ ముంచాల్సిందే. ఆఫీసుకు రోజూ వానలో వెళ్ళేవారికి ఇది తలనొప్పే, వాళ్ళకు నూనే నయం. చైన్ కవర్ ఉన్న పాత నల్ల సైకిళ్ళకు కూడా ఈ హంగామా దండగ.

ఇంకొకటి, చైను ఊడదీయడానికి క్విక్ లింక్, అంటే విప్పి మళ్ళీ బిగించగలిగే లింకు, ఉండాలి. గేర్లు, చైన్లు చేసే షిమానో కంపెనీ తన పదకొండు, పన్నెండు గేర్ల లింకులు ఒకసారికే అని తానే చెబుతుంది కాబట్టి అవి వాడేవాళ్ళకు ఖర్చు పెరుగుతుంది. నా తొమ్మిది గేర్ల లింకును పది సార్లు వాడి మారుస్తాను, తీసేటప్పుడు వదులుగా అనిపిస్తే ఇంకా ముందే. ఒకటి మాత్రం బాల్కనీ గ్రిల్‌లోంచి కింది వాళ్ళ తులసి కుండీలో పడింది. అడగడానికి మొహం చెల్లలేదు.

కొన్న కిలోలో సగం ఇంకా ఉంది. గిన్నెలో ఉన్నది బూడిద రంగుకు తిరిగింది, ఈ నెల మార్చాలి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఒక చైనును మైనంతో పక్కన పెట్టి, రెండో దానికి నూనె వేసి నడపాలని ఈసారి అనుకుంటున్నాను. హాలు గోడకు అడ్డంగా అట్ట ముక్క ఇప్పటికే కట్టేశాను.