కప్లర్ కోయకండి: కారు స్టీరియో బిగింపు, ఆటోనగర్‌లో నా అనుభవం

మా పాత స్విఫ్ట్‌కి తొమ్మిది అంగుళాల ఆండ్రాయిడ్ స్టీరియో మొదట గుంటూరులో బిగించారు, షాపు పేరు చెప్పను. గంటలో పనైపోయిందని సంబరపడ్డాను. తర్వాత రెండు రోజులు బండి తీయలేదు, మూడో రోజు నాన్నని హాస్పిటల్‌కి తీసుకెళ్దామని చూస్తే బ్యాటరీ పూర్తిగా డౌన్. తాళం తీసేసినా సెట్టు ఆగేది కాదు, తెర మనమే నొక్కి ఆపాలి, అది దాని పద్ధతేమో అనుకున్నాను. పాటల్లో బేస్ లేదు, బందరు రోడ్డు మీద వెళ్తుంటే మ్యాప్‌లో బాణం పక్కనున్న కాలవలో కనిపించేది.

మా బావ చెబితే విజయవాడ ఆటోనగర్‌లో ఒక చిన్న షాపుకి తీసుకెళ్లాను. మేస్త్రీ గారు సెట్టు బయటికి లాగి "ఇది చూడు బాబూ" అన్నారు. కారు వైర్లని సెట్టుకి కలిపే ప్లగ్గు, అదే కంపెనీ కప్లర్, దాన్ని కోసేసి, వైర్లు మెలేసి నల్ల టేపు చుట్టారు, మన బెజవాడ ఎండకి ఆ టేపు జిగురు కారి వేళ్లకి అంటుకుంటోంది. పసుపు వైరుకి బ్యాటరీ నుంచి ఎప్పుడూ కరెంటు ఉండాలి, టైము, సెట్టింగులు నిలబడేది దానివల్లే. ఎరుపు వైరుకి తాళం తిప్పితేనే రావాలి. ఆ రెండిటినీ కలిపి ఒకే ముడి వేశారు, ఇక బ్యాటరీ దిగిపోదా!

ఆయన మీటరు పెట్టి ఒక్కో వైరూ చూసి, కొత్త కప్లర్ వేసి, జాయింట్లు సోల్డరింగ్ చేసి పైన స్లీవ్ తొడిగారు. నాకు బాగా నచ్చింది స్పీకర్ల పని. డోర్ ప్యాడ్ విప్పి స్పీకర్ వైర్లకి పెన్సిల్ సెల్లు ఒక్క క్షణం తాకించారు, ఎడమ డోర్ స్పీకర్ కోన్, అంటే మధ్యలో కదిలే గిన్నెలాంటి భాగం, బయటికి వచ్చింది, కుడిది లోపలికి పోయింది. అంటే ప్లస్, మైనస్ తారుమారు. ఒకటి గాలిని ముందుకు నెడుతుంటే రెండోది వెనక్కి లాగుతోంది, అందుకే బేస్ చచ్చిపోయింది. సరిచేశాక అదే పాట పెడితే నిజంగా వేరే స్పీకర్లు అనిపించింది.

జీపీఎస్ యాంటెన్నా ఇనుప బ్రాకెట్ వెనక కుక్కేశారట, తీసి డ్యాష్‌బోర్డు పైన అద్దం దగ్గర అంటించారు. ఇప్పుడు బాణం రోడ్డు మీదే ఉంటోంది. కనకదుర్గ ఫ్లైఓవర్ దగ్గర మాత్రం పైనున్నామో కిందున్నామో అప్పుడప్పుడు తడబడుతుంది, ఒకదాని మీద ఒకటి రోడ్లున్న చోట ఏ జీపీఎస్‌కైనా అది మామూలే, దానికి షాపుని అనను.

మొత్తం 2,200 తీసుకున్నారు, నాలుగు గంటలు పట్టింది, కూర్చోడానికి నీడ కూడా సరిగ్గా లేదు, యూఎస్‌బీ వైరు కాస్త పొట్టిగా వదిలారు. మీరు ఎక్కడ బిగించుకున్నా సరే, మీ కారు మోడల్ కప్లర్ ఉందా అని ముందే అడగండి, లేదని చెబితే వైర్ల మీద కటింగ్ ప్లేయర్ పెట్టనివ్వకండి.

ఇంటికొచ్చాక కావాలనే నాలుగు రోజులు బండి కదపలేదు. ఐదో రోజు సెల్ఫ్ కొట్టగానే స్టార్ట్ అయింది, రేడియో స్టేషన్లు కూడా నేను పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి.