రొమ్ము క్యాన్సర్ గడ్డలో టీ సెల్ ఎక్కడుంది? స్పేషియల్ పద్ధతులు చాన్నాళ్లు వాడి చూశాక

తిరుపతిలో రొమ్ము క్యాన్సర్ మీద పనిచేసే చిన్న బృందం మాది. గడ్డలో ఏ కణం ఎక్కడుందో ఆ చోటుతో సహా చూపించేవే స్పేషియల్ పద్ధతులు. ఆ మిషన్ మా దగ్గర లేదు. బ్లాకు (మైనంలో పెట్టిన గడ్డ ముక్క) ఇక్కడే కోసి, స్లైడు బెంగళూరుకు పంపి, డేటా తెప్పించుకుని చూసుకుంటాం. కొనాలా, పంపాలా అని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు కాబట్టి రాస్తున్నా.

బయాప్సీ ముక్కను నూరి ఆర్‌ఎన్‌ఏ తీస్తే సీడీ8 టీ సెల్స్ (క్యాన్సర్ కణాల్ని చంపగల ఇమ్యూన్ కణాలు) ఎక్కువున్నాయా, తక్కువున్నాయా అన్నది తెలుస్తుంది. అవి గడ్డలోకి చొరబడ్డాయా, బయట స్ట్రోమాలోనే (క్యాన్సర్ కణాల చుట్టూ ఉండే కణజాలం) ఆగిపోయాయా అన్నది మాత్రం పోతుంది. ఈఆర్, పీఆర్ అనే హార్మోన్ రిసెప్టర్లు, హెర్2 ప్రొటీన్ మూడింటికీ పరీక్ష నెగటివ్ వచ్చే ట్రిపుల్ నెగటివ్ రకంలో అసలు ప్రశ్నే అది. 2018లో 41 మంది ట్రిపుల్ నెగటివ్ రోగుల గడ్డల్లో 36 ప్రొటీన్లను ఒకేసారి చూసిన అధ్యయనం ఒకటి వచ్చింది. ఇమ్యూన్ కణాలు క్యాన్సర్ కణాలతో కలగలిసిపోయినవాళ్ల కంటే, వేరే గుంపుగా విడిగా ఉన్నవాళ్లే మెరుగ్గా బతికారని తేలింది. ఎవరైనా తలకిందులుగానే ఊహిస్తారు. మా పాథాలజీ మేడమ్ మాత్రం ఆశ్చర్యపోలేదు. "ఎన్నుండాయని కాదప్పా, యాడుండాయో చూడు" అని ఆమె ఎప్పట్నుంచో అంటున్నదే.

మొదట విజియం వాడాం; స్లైడు మీద చుక్కచుక్కకూ ఆర్‌ఎన్‌ఏ కొలిచే పద్ధతి అది. చుక్క వ్యాసం 55 మైక్రాన్లు, ఒక చుక్క నడుమ నుంచి పక్క చుక్క నడుముకు 100. లింఫోసైట్ (టీ సెల్ ఆ రకమే) చూస్తే 7 నుంచి 10 మైక్రాన్లే. అంటే ఒక్కో చుక్కలో పలు కణాలు కలిసిపోతాయి, సందుల్లో ఉన్నవి లెక్కకే రావు. బీ, టీ సెల్స్ గుమికూడే టెర్షియరీ లింఫాయిడ్ స్ట్రక్చర్లు వెతకడానికి బాగానే పనికొచ్చింది. ఫలానా టీ సెల్ పక్కన ఏముందో తెలియాలంటే అది చాలదు. తర్వాత వచ్చిన హెచ్‌డీ రకంలో గడి 2 మైక్రాన్లే.

అక్కణ్నుంచి కణస్థాయి ఇమేజింగ్‌కు మారాం. ఇందులో ఏ జన్యువులు చూడాలో ముందే ఎంచుకోవాలి. ఇలాంటి పద్ధతే అయిన జెనియంతో 2023లో వచ్చిన రొమ్ము క్యాన్సర్ పేపర్‌లో 313 జన్యువులు చూశారు. ఆ డేటా ఉచితమే, చేయి తిప్పుకోవడానికి మంచిది. ఈ పద్ధతిలో నాకు బాగా నచ్చింది, రన్ అయ్యాక అదే సెక్షన్‌కు హెచ్ అండ్ ఈ (పాథాలజీలో మామూలుగా వేసే రంగు) వేసుకోగలగడం. ఉత్త రంగు చుక్కలు చూపిస్తే మేడమ్ ముఖం చిట్లిస్తారు. పక్కన ఆ గులాబీ, ఊదా స్లైడు పెడితే కుర్చీ ముందుకు జరుపుకుంటారు.

తలనొప్పంతా సెగ్మెంటేషన్, అంటే ఏ కణం ఎక్కడిదాకా అని గీత గీయడం. ఒక స్లైడులో గడ్డ అంచు పొడవునా టీ సెల్ గుర్తయిన సీడీ3 ఉన్న కణాలు ఎప్‌క్యామ్ కూడా చూపించాయి. టీ సెల్‌లో ఎపిథీలియల్ జన్యువేంటి, అది క్యాన్సర్ కణాల గుర్తు కదా? జూమ్ చేసి చూస్తే, సాఫ్ట్‌వేర్ న్యూక్లియస్ చుట్టూ గీసిన గీతను బయటికి ఉబ్బించింది. పక్కనున్న క్యాన్సర్ కణం ఆర్‌ఎన్‌ఏ దీని ఖాతాలో పడింది. ఉబ్బు తగ్గించి మళ్లీ నడిపితే ఆ వింత కణాలు చాలావరకు మాయం. టీ సెల్స్ అలసిపోయాయని ఎవరైనా తేలుస్తుంటే, ముందు ఆ గీతలు చూపించమంటాను.

ఎంత ఖరీదైన మిషనైనా బ్లాకు బాగోకపోతే దండగ. బయటి ఊళ్ల నుంచి వచ్చే మాస్టెక్టమీ (రొమ్ము తీసేసిన) స్పెసిమెన్లు కొన్ని, కోయకుండానే చాలీచాలని ఫార్మలిన్‌లో మునిగి వస్తాయి. పైన గట్టిపడి లోపల పాడవుతాయి. ఈఆర్, హెర్2 పరీక్షలకు పెట్టిన 6 నుంచి 72 గంటల ఫిక్సేషన్ (ఫార్మలిన్‌లో ఉంచే) నియమాన్నే మేం ఇక్కడా పాటిస్తాం. ఆర్‌ఎన్‌ఏ ముక్కల్లో 200 న్యూక్లియోటైడ్లు దాటినవి ఎంత శాతమో చెప్పే డీవీ200 చూసుకోకుండా డబ్బు కట్టొద్దు. రొమ్ములో కొవ్వెక్కువ కదా, 5 మైక్రాన్ల సెక్షన్ వాటర్ బాత్‌లో చీలుతుంది. మే నెలలో మైనం మెత్తబడి ఇంకా విసిగిస్తుంది కాబట్టి బ్లాకును ఐసు మీద పెట్టుకుని పొద్దున్నే కోసేస్తాం. బ్రహ్మోత్సవాల వారంలో కొరియర్ మీద ఆశ పెట్టుకోం.

ఈ పరీక్షతో మందు మారుతుందా అని రోగుల తరఫువాళ్లు అడుగుతుంటారు. మారదు. చికిత్స ఇప్పటికీ ప్రధానంగా ఈఆర్, పీఆర్, హెర్2, స్టేజీల మీదే నడుస్తోంది. 2021లో అమెరికాలో ముప్పు ఎక్కువున్న తొలిదశ ట్రిపుల్ నెగటివ్‌కు ఆపరేషన్ ముందు నుంచే పెంబ్రోలిజుమాబ్ అనే ఇమ్యూనోథెరపీ మందు ఇవ్వడానికి అనుమతించినప్పుడు పీడీ-ఎల్1 (ఆ మందు పనిచేస్తుందేమో అంచనాకు చూసే ప్రొటీన్) ఫలితం కూడా అడగలేదు.

చిన్న ల్యాబ్ వాళ్లు మిషన్ జోలికి పోవద్దు. సీడీ8 (టీ సెల్స్‌కు), సీడీ20 (బీ సెల్స్‌కు), సైటోకెరాటిన్ (క్యాన్సర్ కణాలకు) రంగులు వేసిన మామూలు స్లైడ్లు స్కాన్ చేయించి, ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్ క్యూపాత్‌లో టీ సెల్స్ గడ్డ అంచుకు ఎంత దూరంలో ఉన్నాయో కొలవండి. మా ప్రశ్నల్లో చాలావాటికి అక్కడే జవాబు దొరుకుతోంది. మిగిలినవాటికే బెంగళూరు పంపుతున్నాం.