సిమెంటు తొట్టి వైనా, ఓక్ పీపా వైనా? దక్షిణ రోన్ ఎర్ర వైన్లలో ఏది మేలు?

ఎర్ర వైన్ చిక్కగా ఉందంటే అది ఓక్ పీపా చలవేననుకునేవాళ్లు చాలామంది. ఫ్రాన్స్ దక్షిణాన రోన్ లోయలో పండే గ్రెనాష్ రకం ద్రాక్ష వైన్ తాగి చూస్తే ఆ లెక్క తప్పుతుంది. అక్కడి ఎండకు పండులో చక్కెర బాగా ఊరుతుంది. పులిశాక ఆల్కహాల్ 14, ఒక్కోసారి 15 శాతం దాటుతుంది. నోరు నిండినట్టుండే బరువు ప్రధానంగా దానివల్లే. పీపా ఇచ్చేది వేరు: వనిలా, కొబ్బరి వాసనలు, చెక్క వగరు, మెల్లగా చొరబడే గాలి.

గ్రెనాష్‌కు ఆ గాలే పడదు. తొందరగా రంగు ఇటుకలా మారి, పండు వాసన వాడిపోతుంది. అందుకే ఆ లోయలోనే పేరున్న వైన్ ప్రాంతం షాతోనెఫ్ దు పాప్‌లో కూడా చాలామంది దాన్ని సిమెంటు తొట్టెల్లోనో పాత పెద్ద పీపాల్లోనో ఉంచి, 225 లీటర్ల చిన్న పీపాలను సిరా, ముర్వెద్ర్ ద్రాక్ష రకాలకు వాడతారు. సిరాకు గాలి తగలకపోతే కుళ్లిన గుడ్డు వాసన పట్టుకుంటుంది. తొట్టి వైన్ తెరవగానే అలా కొడితే పారబోయకండి. వెడల్పాటి జగ్గులోకి వంచి అరగంట ఆగితే చాలాసార్లు పోతుంది.

రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. ఒకే రకం గ్లాసుల్లో 60 మి.లీ. చొప్పున, 16-18 డిగ్రీల చల్లదనంలో. హైదరాబాద్ వేసవిలో గది వేడి పనికిరాదు. సీసాను ఐసునీళ్లలో పది, పదిహేను నిమిషాలు ఉంచాలి. వేడిగా ఉంటే ఆల్కహాలే ముక్కుకు కొడుతుంది. ముందు గ్లాసు తిప్పకుండా వాసన చూడండి. తొట్టిదైతే పండిన స్ట్రాబెర్రీ, ఎండు మూలికలు, సిరా కలిస్తే మిరియం. మిరియాలకు ఆ వాసననిచ్చే రోటండోన్ అనే పదార్థం సిరా తొక్కలోనూ ఉంటుంది మరి! పీపాదైతే వనిలా ముందు, పండు వెనక. పండు అసలు తగలకుండా రంపపు పొట్టు వాసనే వస్తే పీపా మింగేసిందన్నమాట.

మన భోజనానికి నా ఓటు తొట్టికే. కారానికి చెక్క వగరు తోడైతే నోరు చేదెక్కుతుంది. గోంగూర మాంసం పులుపు పక్కన వైన్ మెత్తగా అనిపిస్తుంది గానీ, కారం ఆల్కహాల్ మంటను పెంచుతుంది. అందుకని 14 శాతం మించనిది ఎంచుకుని, ఇంకో రెండు డిగ్రీలు చల్లబరచండి. కారం తక్కువ వేసి కాల్చిన మేకతొడకైతే, లేదా పదేళ్లు దాచాలనుకుంటే, ముర్వెద్ర్ ఎక్కువున్న పీపా వైనే సరి. కోట్ దు రోన్ పేరుతో వచ్చే ఆ లోయ మామూలు తొట్టి వైన్‌ను మాత్రం రెండు మూడేళ్లలో తాగేయాలి. సీసా వెనక ‘క్యూవ్ బెటోన్’ అని ఉంటే సిమెంటు తొట్టి, ‘ఫ్యూ ద షెన్’ అని ఉంటే ఓక్ పీపా.