అక్రా నుంచి కొటొనూ: డైరెక్ట్ బస్సా, షేర్ ట్యాక్సీలా?

ఘనా రాజధాని అక్రా పక్కనున్న టేమా ఫ్యాక్టరీల్లో పనికి కొత్తగా వచ్చిన మన కుర్రాళ్లు, వరసగా మూడు రోజులు సెలవు దొరికిందంటే నన్ను అడిగేది ఒకటే. "అన్నా, లోమే, కొటొనూ చూసి రావాలంటే బస్సు మేలా, షేర్ ట్యాక్సీలు మేలా?" పక్క దేశం టోగోలోని లోమే వరకే అయితే ఆలోచించే పనే లేదు, షేర్ బండి ఎక్కండి. దాని అవతల బెనిన్‌లో ఉన్న కొటొనూ వరకు అంటారా, అది మీ సామాను ఎంతుంది, మీ మోకాళ్లు ఎలా ఉన్నాయి అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఎందుకలా అంటున్నానో కాస్త వివరంగా చెబుతాను.

ముందు దారి సంగతి. సముద్రం పక్కనే సాగే ఒకే రోడ్డు ఇది. అక్రా నుంచి ఘనా చివరి ఊరు అఫ్లావో దాదాపు 190 కిలోమీటర్లు. అక్కడ గేటు దాటితే టోగో రాజధాని లోమే. ఊరి బయట ఎక్కడో కాదు, నేరుగా ఊళ్లోనే అడుగు పెడతారు. టోగో సముద్రతీరం మొత్తం కలిపితే 50 కిలోమీటర్ల పైచిలుకే. అది దాటితే హిల్లాకొంజి దగ్గర బెనిన్ మొదలవుతుంది, అక్కణ్ణుంచి కొటొనూ ఇంకో వంద కిలోమీటర్లు. అంతా కలిపి విజయవాడ నుంచి విశాఖ అంత దూరం. తేడా ఏమిటంటే మధ్యలో రెండు సరిహద్దులు, నాలుగు ఇమిగ్రేషన్ కిటికీలు. ప్రయాణం బాగా జరిగిందా లేదా అన్నది రోడ్డు మీద కాదు, ఆ కిటికీల దగ్గర తేలుతుంది.

నేను మొదటిసారి బస్సులోనే వెళ్లాను. టికెట్టు మీద సీటు నంబరు, లోపల ఏసీ, పైన టీవీలో నైజీరియా సినిమా, డిక్కీలో సూట్‌కేసు. ఇంతకన్నా ఏం కావాలి అనుకున్నాను. అఫ్లావో వచ్చేదాకా నిజంగానే ఏ లోటూ లేదు. అక్కడ అందరినీ దింపేశారు. జనం నడిచి దాటాలి, బస్సు విడిగా కస్టమ్స్ దాటాలి. తోటి ప్రయాణికుల్లో దాదాపు అందరూ పశ్చిమాఫ్రికా వాళ్లే. ఎకోవాస్ అనే పశ్చిమాఫ్రికా కూటమి దేశాలు 1979లో చేసుకున్న ఒప్పందం ప్రకారం ఒక దేశం వాళ్లు ఇంకో దేశంలో 90 రోజులు వీసా లేకుండా ఉండొచ్చు. కాబట్టి వాళ్లు కార్డు చూపించి చకచకా వెళ్లిపోయారు. నా పాస్‌పోర్టు మాత్రం ఒక బల్ల మీంచి ఇంకో బల్ల మీదకు తిరిగింది. వీసా కాగితం, ఎల్లో ఫీవర్ టీకా కార్డు, ఎక్కడ పని, ఎవరి దగ్గరికి, ఎప్పుడు తిరుగు ప్రయాణం. అవతల గట్టున బస్సు హారన్ కొడుతోంది. నలభై మంది నా కోసం చూస్తున్నారు, నన్ను వదిలేసి పోతారేమోనని నాకు టెన్షన్, సూట్‌కేసు చూస్తే వాళ్ల డిక్కీలో.

చెమటలు కక్కుకుంటూ పరుగెత్తుకెళ్లి ఎక్కాక తెలిసింది, బస్సు ఇప్పట్లో కదలదని. ఎవరో వ్యాపారస్తురాలి బట్టల మూటల దగ్గర కస్టమ్స్‌తో పేచీ. రెండున్నర గంటలు రోడ్డు పక్కన నిలబడ్డాం. ఆమెను తప్పుపట్టలేను, ఈ తీరంలో బట్టల వ్యాపారం అంటే ఆడవాళ్లదే. లోమే గ్రాండ్ మార్కెట్‌లో రంగురంగుల వాక్స్ బట్టలు అమ్మి మెర్సిడెస్ బెంజ్ కార్లు కొన్న ఆడవాళ్లకు 'నానా బెంజ్' అని పేరే పడిపోయింది. బస్సు డిక్కీ వాళ్ల పాలిట గోడౌన్. కానీ అదే బస్సులో మీరు శనివారం పొద్దున్నే బీచ్ చూద్దామని బయల్దేరితే, మీ శనివారం ఆ మూటల కింద నలిగిపోతుంది.

బస్సులో చిక్కంతా ఇదే. మీ కాగితాలు ఆలస్యమైతే నలభై మంది ఆగాలి, వాళ్లలో ఏ ఒక్కరిది ఆలస్యమైనా మీరు ఆగాలి. ఇంకో మాట. కొన్ని బస్సుల్లో సరిహద్దు రాకముందే బస్సు మనిషి వచ్చి అందరి పాస్‌పోర్టులూ, తలా కొంత డబ్బూ వసూలు చేసుకుంటాడు, 'పని తొందరగా అయిపోతుంది' అంటాడు. మనం మాత్రం పాస్‌పోర్టు చేయి దాటనివ్వకూడదు.

ఇక షేర్ బండి. అక్రాలో టుడు స్టాండుకు వెళ్లి "అఫ్లావో" అంటే చాలు, చెయ్యి పట్టుకుని తీసుకెళ్తారు. ట్రోట్రోలు అనే మామూలు షేర్ వ్యాన్లూ ఉంటాయి, ఏసీ ఉన్న వ్యాన్లూ ఉంటాయి. ఏ కంపెనీదైనా సరే ఏసీ వ్యాన్‌ను ఇక్కడ 'ఫోర్డ్' అనే అంటారు, మన దగ్గర ఏ పొడి సబ్బైనా సర్ఫే అయినట్టు. ఫోర్డే ఎక్కండి, రేటులో తేడా పెద్దగా ఉండదు. టైమ్ టేబుల్ అంటూ లేదు, నిండితే కదులుతుంది. నిండటంలో ఒక మాయ ఉంది. మీరు తొంగిచూస్తే వ్యానులో ఒకటి రెండు సీట్లే ఖాళీగా కనిపిస్తాయి, గబగబా టికెట్టు కొని ఎక్కుతారు. కాసేపటికి వెనక కూర్చున్న ఇద్దరు దిగి అటుగా వెళ్లిపోతారు. వాళ్లు ప్రయాణికులు కారు, స్టాండు కుర్రాళ్లు. బండి నిండుగా కనిపించడానికి కూర్చోబెడతారన్నమాట. షేర్ ఆటోల్లో పెరిగిన మనకు ఇది చెప్పాలా? చేతిలో సంచీ, ఒళ్లో నీళ్ల ప్యాకెట్టు ఉన్నవాళ్లను మాత్రమే లెక్కపెట్టండి. తెల్లారి ఆరింటికి వెళ్తే నిండటానికి పెద్దగా సమయం పట్టదు, మధ్యాహ్నం వెళ్తే ఎంతసేపైనా పట్టొచ్చు.

దారిలో సొగాకోపే దగ్గర వోల్టా నది మీద వంతెన. బండి వేగం తగ్గితే చాలు, కిటికీల నిండా బ్రెడ్డు, రొయ్యలు. సరిహద్దు దాటాక తినడానికి ఇంకోటి ఉంది, అబ్లో. పిండి పులియబెట్టి ఆవిరి మీద ఉడికిస్తారు. మెత్తగా, కాస్త తియ్యగా ఉంటుంది. మన ఇడ్లీకి దూరపు చుట్టం అనుకోండి. వాళ్లు చేపల కూరతో తింటారు. నేను మొదటిసారి తిన్నప్పుడు జేబులో పల్లీ చట్నీ లేనందుకు బాధపడ్డాను.

అఫ్లావోలో ఫోర్డ్ ఆగిపోతుంది. అది అవతలికి రాదు. మన ఆటో స్టాండుల్లాగే ఇక్కడా ఎవరి హద్దు వాళ్లది. కొత్తవాళ్లు దీన్నే పెద్ద కష్టం అనుకుంటారు: "మధ్యలో బండి మారాలా?" నాకు మాత్రం సుఖం అక్కడే దొరికింది. భుజాన బ్యాగు, చేతిలో పాస్‌పోర్టు, నడిచి దాటడమే. కిటికీ దగ్గర అరగంట పట్టినా గంట పట్టినా నా గొడవ నాది. హారన్ కొట్టేవాడు లేడు, నేను తిట్టుకోవాల్సిన మూటలూ లేవు. అధికారి మళ్లీ మళ్లీ అవే ప్రశ్నలు వేస్తే ఓపిగ్గా మళ్లీ చెప్పొచ్చు. తొందర ఉన్నవాడి దగ్గరే అదనపు డబ్బు పుడుతుంది, నేను గమనించింది ఇది. బస్సు పోతుందన్న భయం లేనివాడికి జేబులో చెయ్యి పెట్టాల్సిన అవసరం బాగా తగ్గిపోతుంది.

గేటుకు అటూ ఇటూ వినిపించేది ఒకటే భాష, ఎవె. ఇటు ఇంగ్లీషు బోర్డులు, అటు ఫ్రెంచి బోర్డులు. మధ్యలో గీత గీసింది మాత్రం బ్రిటిష్, జర్మన్ దొరలు. ఇవతల బ్రిటిష్ వాళ్ల సుంకం తప్పించుకోవడానికి వర్తకులు గీత అవతల దుకాణాలు పెట్టుకోవడంతోనే లోమే పెరిగింది. అందుకే ఒక దేశ రాజధాని ఇలా సరిహద్దు గేటుకు ఆనుకుని ఉంటుంది. గేటు నుంచి గ్రాండ్ మార్కెట్ రెండు మూడు కిలోమీటర్లే. జెమిజాన్, అంటే మోటార్‌సైకిల్ ట్యాక్సీ, ఎక్కితే పది నిమిషాలు. లోమే వరకే వెళ్లేవాళ్లకు బస్సు ఎందుకు వద్దన్నానో ఇప్పుడు అర్థమై ఉంటుంది.

లోమే నుంచి కొటొనూ వైపు లెక్క మారుతుంది. ఇక్కడ షేర్ ట్యాక్సీ అంటే వ్యాను కాదు, మామూలు కారు. ఐదుగురు పట్టే కారులో డ్రైవరు కాక ఆరుగురు, ముందు ఇద్దరు, వెనక నలుగురు. వెనక నలుగురు పట్టాలంటే ఒక పద్ధతి ఉంది. ఒకరు వెనక్కి ఆనితే పక్కవారు అంచు మీదకు జరగాలి, వారి పక్కవారు మళ్లీ వెనక్కి. భుజాలు పేకముక్కల్లా ఒకదాని మీద ఒకటి వాలతాయి. గతుకు వచ్చిందంటే నలుగురూ కలిసి ఊగాలి, ఒంటరిగా ఊగడం కుదరదు. ముందు సీటులో రెండో మనిషి పరిస్థితి ఇంకా ఘోరం, గేరు రాడ్డు మోకాళ్ల మధ్యలో. ఒకసారి నేనెక్కిన కారులో కిటికీ అద్దం దించే హ్యాండిల్ ఒక్కటే ఉంది. ఎవరికి గాలి కావాలంటే వాళ్లకు డ్రైవరు తీసిస్తాడు, తిప్పుకుని మళ్లీ ఇచ్చేయాలి. వెనక పెద్దాయన ఒకరు దాన్ని తిరిగివ్వకుండా చొక్కా జేబులో వేసుకున్నారు. దారిలో అనెహో అనే ఊరు వచ్చేదాకా దాని మీదే చర్చ.

దీనికి మందు తేలిక. ముందు రెండు సీట్లకూ మీరే డబ్బు కట్టేయండి. ఇక్కడ అదేమీ వింత కాదు, డ్రైవరు సంతోషిస్తాడు, బండి కూడా ఒక మనిషి ముందే నిండుతుంది. రెండు సీట్లు కొన్నా బస్సు టికెట్టుతో పోలిస్తే పెద్దగా బాధ అనిపించదు. సీటు రేటులో బేరం ఉండదు, పక్కవాళ్లు ఎంత ఇస్తున్నారో చూసి అంతే ఇవ్వండి. సామానుకు మాత్రం బేరం ఉంది, ఎక్కకముందే తేల్చుకోవాలి. కట్టి పైకెక్కించాక అడిగితే వాడు చెప్పిందే రేటు.

హిల్లాకొంజి దగ్గర ఈ కారు సరిహద్దు దాటుతుంది, అవతల మీ కోసం ఆగుతానంటాడు డ్రైవరు. నిజంగానే ఆగుతాడు, కానీ మిగతా ఐదుగురు అయిదు నిమిషాల్లో వచ్చేస్తే వాళ్ల గోల తట్టుకుంటూ ఎంతసేపని ఆగుతాడు? మళ్లీ బస్సు కథే, కాస్త చిన్న సైజులో. అందుకే నేను కొటొనూకి టికెట్టు తీసుకోను. హిల్లాకొంజి వరకే మాట్లాడుకుంటాను, బ్యాగుతో సహా దిగి నడిచి దాటి అవతల ఇంకో కారు ఎక్కుతాను. ముక్కలు ముక్కలుగా వెళ్తే నాలుగు డబ్బులు ఎక్కువవుతాయేమో, తల నొప్పి మాత్రం తగ్గుతుంది.

డబ్బు మార్చుకోవడం ఒక్కసారే, అఫ్లావోలో. టోగో, బెనిన్ రెండింట్లోనూ నడిచేది సీఎఫ్ఏ ఫ్రాంకే. దాని విలువ యూరోకు 655.957గా కట్టేసి ఉంది కాబట్టి మార్చేవాడు చెప్పే రేటు న్యాయంగా ఉందో లేదో లెక్క వేసుకోవచ్చు. పదివేల నోట్లు తీసుకోకండి, ట్యాక్సీవాళ్ల దగ్గర చిల్లర ఎప్పుడూ ఉండదు. గడియారం కూడా చూసుకోండి, బెనిన్ ఒక గంట ముందుంటుంది. మీ లెక్కలో నాలుగింటికి చేరితే అక్కడ అయిదు.

మరి బస్సు ఎప్పుడు ఎక్కాలి? రెండు పెద్ద సూట్‌కేసులు ఉన్నప్పుడు. బ్యాగు మోస్తూ రెండు సరిహద్దులు నడవడం వేరు, సూట్‌కేసులు ఈడుస్తూ నడవడం వేరు. దింపుతాం, తోస్తాం అంటూ పదిమంది కుర్రాళ్లు మూగుతారు. ఒక్క ఫ్రెంచి ముక్క రాదు, బేరమంటే భయం అనేవాళ్లకూ బస్సే నయం. ఒకటి గుర్తుంచుకోవాలి: తిరుగు ప్రయాణంలో కొటొనూలో ఎక్కే అక్రా బస్సుల్లో చాలావరకు లాగోస్‌లో బయల్దేరి వచ్చేవే. అవి అప్పటికే సెమే దగ్గర నైజీరియా, బెనిన్ సరిహద్దు దాటి రావాలి. పది గంటలకు వస్తుందన్న బస్సు ఎప్పుడొస్తుందో టికెట్టు అమ్మినవాడికీ తెలియదు. కాబట్టి వెళ్లేటప్పుడు బస్సు ఎక్కినవాళ్లకు కూడా తిరిగొచ్చేటప్పుడు ట్యాక్సీలే చెబుతాను.

కారు మొత్తం మాట్లాడుకోవడాన్ని ఘనాలో 'డ్రాపింగ్' అంటారు. నలుగురు కలిసి వెళ్తుంటే లోమే నుంచి హిల్లాకొంజి వరకు డ్రాపింగే హాయి, నిండేదాకా చూసే పని లేదు. అక్రా నుంచే మాట్లాడుకోవడం మాత్రం దండగ, ఎలాగూ అఫ్లావోలో దిగాల్సిందే.

విమానం సంగతి అడుగుతారని తెలుసు. ఆస్కీ విమానాలకు లోమేనే కేంద్రం. గాల్లో ఉండేది కాసేపే, మిగతాదంతా ఎయిర్‌పోర్టులో కూర్చోవడమే. 2020 మార్చిలో కరోనాకు మూసిన ఘనా భూసరిహద్దులు 2022 మార్చి 28 దాకా తెరుచుకోలేదు, విమానాశ్రయం మాత్రం 2020 సెప్టెంబరులోనే తెరిచారు. విమానం గెలిచిన రోజులంటే నాకు అవే గుర్తొస్తాయి.

దేంట్లో వెళ్లినా టోగో, బెనిన్ వీసాలు ఆన్‌లైన్‌లో ముందే తీసుకుని ప్రింటు పెట్టుకోండి, ఫోనులో చూపిస్తే సరిపోదు అనేవాళ్లు తగులుతారు. ఘనాది సింగిల్ ఎంట్రీ వీసా అయితే అసలు కదలొద్దు, బయటికి వెళ్తే తిరిగి రావడానికి ఇంకో వీసా కావాలి. చీకటి పడ్డాక షేర్ ట్యాక్సీ ఎక్కొద్దు. దొంగల భయం కన్నా ఎక్కువగా హెడ్‌లైట్ల భయంతో అంటున్నాను, కొన్నింటికి ఒక్కటే వెలుగుతుంది.

వచ్చే నెల మా ఆవిడ, పాప గుంటూరు నుంచి వస్తున్నారు. పాపకు ఆరేళ్లు, సముద్రం చూపిస్తానని మాటిచ్చాను. టుడులో తెల్లారి ఫోర్డ్ ఎక్కి ముగ్గురికి నాలుగు సీట్లు తీసుకుంటాను. లోమేలో ఒక రాత్రి ఆగి, పొద్దున్నే హిల్లాకొంజి దాకా డ్రాపింగ్. "మూడు బండ్లు మారాలా, బస్సు లేదా?" అని ఆవిడ ఫోన్‌లో ఇప్పటికే రెండుసార్లు అడిగింది. ఉందని చెప్పలేదు.