ఎన్‌పీఎస్ బ్యాంకు కౌంటర్లో తెరిచా, 500 కట్టిన ప్రతిసారీ 35 రూపాయలు పోయాయి

పీఎఫ్ ఉన్న ఉద్యోగం మానేసి సొంతంగా ఏదన్నా పెట్టుకుని, పెన్షన్ కోసం బ్యాంకులో ఎన్‌పీఎస్ (నేషనల్ పెన్షన్ సిస్టమ్) ఖాతా తెరుద్దాం అనుకుంటున్నవాళ్లు ఒకసారి ఇది చూడండి. స్కీముకి నాలుగు స్టార్లు ఇస్తా, నేను తెరిచిన బ్రాంచికి మాత్రం ఒకటిన్నర. బ్రాంచి పేరు రాయట్లేదు, బెజవాడలోనే, గవర్నర్‌పేట వైపు అనుకోండి చాలు.

ఆటోనగర్లో ఒక ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో 7 ఏళ్లు అకౌంట్స్ రాశా, 2023లో మానేసి స్పేర్ పార్ట్స్ కొట్టు పెట్టా. అక్కడున్నన్నాళ్లు కంపెనీ వాటాలోంచి నెలకి 1250, అంటే 15000కి 8.33 శాతం, పెన్షన్ ఖాతాలో పడేది, పాస్‌బుక్కులో చూడటమే గానీ ఎప్పుడూ పట్టించుకోలా. మానేశాకే తెలిసింది 10 ఏళ్లు నిండకపోతే ఈపీఎస్, అంటే పీఎఫ్‌తో పాటు ఉండే పెన్షన్ స్కీము, దాని పెన్షన్ రాదని. స్కీమ్ సర్టిఫికెట్ తీసుకుని దాచుకుంటే తర్వాత మళ్లీ పీఎఫ్ ఉన్న ఉద్యోగంలో చేరినప్పుడు పాత సర్వీసు కలుస్తుంది, వద్దనుకుంటే ఫారం 10సి పెట్టి డబ్బు తీసేసుకోవచ్చు. ఇంకొకళ్ల దగ్గర చేసేది లేదని 10సి పెట్టా. 7 ఏళ్లకి పీఎఫ్ వాళ్ల టేబుల్లో అంకె 7.54, దాన్ని 15000తో హెచ్చిస్తే 1,13,100 వచ్చింది. కంపెనీ కట్టిందే 1,05,000 అండి, ఏడేళ్లకి పైన వచ్చింది 8,100. మా ఆవిడ తన చీటీ పుస్తకం తెచ్చి ముందు పెట్టింది, ఇంక నేనేం మాట్లాడతా.

సరే అందులో లక్ష పెన్షన్‌కే ఉండాలని బ్యాంకుకి పోయా. ఫారం, ఫోటో, ఆధార్, పాన్, అన్నీ ఇస్తే రిజిస్ట్రేషన్‌కి 400, జీఎస్టీతో 472 తీసుకున్నారు. లక్ష కట్టినందుకు అర శాతం 500, దాని మీద జీఎస్టీ 90, మొత్తం 590. అదే లక్ష ఆన్‌లైన్‌లో కట్టుంటే 0.20 శాతం, జీఎస్టీతో కలిపి 236 అయ్యేది. ఆ మాట కౌంటర్లో అమ్మాయి చెప్పలేదు, నేనూ అడగలేదు. ఒక రోజు సిస్టం డౌన్, ఇంకో రోజు సంతకం కలవలేదు, ప్రాన్ నంబర్, అంటే ఎన్‌పీఎస్ ఖాతా నంబర్, చేతికొచ్చేసరికి నాలుగుసార్లు తిరిగా, అది వేరే కథ.

అసలు దెబ్బ ఆ తర్వాత. కొత్త కొట్టు కదా చేతిలో ఎక్కువ ఆడదు, నెలకి 500 చొప్పున కడదాంలే అనుకున్నా. కొట్టు మూసే ముందు కుర్రాడిని కూర్చోబెట్టి బ్యాంకుకెళ్లి, కట్టి, స్లిప్పు జేబులో కుక్కుకుని వచ్చేవాడిని. పదకొండు నెలలు ఇదే. ఒకరోజు డ్రాయరు సర్దుతుంటే స్లిప్పులన్నీ బయటపడ్డాయి, సగం ఇంకు పోయి మసగ్గా ఉన్నాయి, ఒకటి ట్యూబ్‌లైట్ కింద పెట్టి చూశా: కట్టింది 500, చార్జీ 30, జీఎస్టీ 5.40, జమ 464.60. అర శాతం అంటే రెండున్నర రూపాయలు కదా, ఇదేంటి అనుకున్నా. అర శాతమే, కానీ 30కి తగ్గకూడదంట! అంటే నూటికి 7 రూపాయలు లోపలికి పోకముందే పోతున్నాయి, ఏడాది మొత్తం కడితే 424.80. అదే 6000 ఒకేసారి కడితే అర శాతం సరిగ్గా 30, జీఎస్టీతో 35.40తో అయిపోయేది. లారీ డ్రైవర్ల బత్తాల్లో పది రూపాయలు తేడా వస్తే రాత్రి దాకా కూర్చుని పట్టుకున్నోడిని, నా సొంత డబ్బులు దగ్గర ఇది చూసుకోలా.

స్కీమును తిట్టను. నేను చేరినప్పుడు లోపల ఫండ్ మేనేజర్ ఫీజు ఏడాదికి ఎక్కువలో ఎక్కువ 0.09 శాతం, లక్షకి 90 రూపాయలు, పైన రికార్డులు చూసే సంస్థకి కాస్త, అంతే ఉండేది. ఇంత చవగ్గా డబ్బు చూసేవాళ్లు నాకైతే కనపళ్లేదు. డబ్బు ఇరుక్కుంటుంది, అది నిజమే, మూడేళ్ల తర్వాత పిల్లల చదువు, పెళ్లి, ఇల్లు, జబ్బు లాంటి వాటికి మనం కట్టినదాంట్లో 25 శాతం దాకా తీసుకోవచ్చు, మిగతాది అంత తేలిగ్గా చేతికి రాదు. నాలాంటోడికి అదే మంచిది, చేతికొస్తే కొట్లో సరుకు అయిపోతుంది.

ఇప్పుడు ఆన్‌లైన్‌లో మూడు నెలలకోసారి 7500 వేస్తున్నా. అక్కడ మినిమం చార్జీ 15, 7500కి 0.20 శాతం కూడా 15 కాబట్టి ఆ అంకె పట్టుకున్నా. కొట్లో కూర్చునే, ఫోన్లోనే అయిపోతుంది.

మొన్న ఫోన్ నంబర్ మార్చుకోవడానికి మళ్లీ ఆ బ్రాంచికే పోవాల్సొచ్చింది, దానికీ ఒక 30, మళ్లీ జీఎస్టీ. కౌంటర్లో అదే అమ్మాయి, గుర్తుపట్టి "ఏంటండీ, ఈమధ్య నెలనెలా రావట్లేదు?" అంది. ఆన్‌లైన్‌లో కడుతున్నానమ్మా అన్నా. "మంచి పని చేశారండీ, నేనూ అక్కడే కడతా" అంది.